రంగం అడిగారా బాబూ?

కిందటేడు మా మత్స్యశాఖలో కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లకి శిక్షణ తరగతులు పెట్టి, రిటైరైన పాతవాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడించారు. నాకిచ్చిన విషయం ‘పొరుగు దేశాల మధ్య సహకారం, మత్స్యకారులు’. ఇరవై నిమిషాలు టైము. వెనక గోడకి బంగాళాఖాతం మ్యాపు తగిలించారు. చుట్టూ ఉన్న దేశాలకి తలో రంగూ వేసి, మధ్యలో నీళ్ళకి లేత నీలం వేశారు. నేను లేచి, దేశాలు చేయీ చేయీ కలపాలనీ, సముద్రం అందరిదీ అనీ, అక్కడ ఏం చెబితే చప్పట్లు కొడతారో అదే చెప్పాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. తిరుగు బస్సులో కూర్చున్నాక నా మీద నాకే రోత పుట్టింది. నలభై మంది పిల్లలు నోటుపుస్తకాలు తెరుచుకుని కూర్చుంటే, ఆ విషయం మీద నాకు నిజంగా తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పకుండా వచ్చేశాను.

అది ఇప్పుడు రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు, నేను ప్రారంభించిన ఐసు ఫ్యాక్టరీలు ఇందులో ఉండవు. అవన్నీ సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, ఎవరికైనా సరదా ఉంటే చూసుకోవచ్చు.

మెట్ట మనిషి

మాది చీపురుపల్లికి నాలుగు మైళ్ళ దూరంలో మెట్ట ఊరు. మా నాన్న చోళ్ళు, ఉలవలు, గోగు పండించేవాడు. వాన పడితే తింటాం, లేకపోతే లేదు. ఇంట్లో పరీక్ష ప్యాసైనవాణ్ణి నేనొక్కణ్ణే. ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం వచ్చిందంటే అందరూ పోలీసనుకుని సంబరపడ్డారు. చేపల ఇన్‌స్పెక్టర్ అని తెలిశాక మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అరవైల చివర నన్ను శ్రీకాకుళం తీరంలో ఉన్న భావనపాడు వేశారు. అప్పటికి నేను సముద్రం చూసింది రెండుసార్లు, అదీ ఒడ్డునుంచి. పల్లెలో ఒక గది అద్దెకి తీసుకున్నాను. మొదటి వారంలో పడవెక్కి, అర మైలు పోకముందే కడుపులో ఉన్నదంతా కక్కేశాను. పడవలో వాళ్ళు నన్ను తెరచాప కొయ్యకి తువ్వాలుతో కట్టేసి, ‘ఇస్పెట్రు బాబుని బేగి ఒడ్డుకి సేర్సేయండ్రా, ఈ బాబుని సూసి సేపలు నవ్వుతన్నాయి’ అన్నారు. ఆ తరవాత ఏ పడవ దగ్గరికెళ్ళినా ముందు తువ్వాలుందా అని అడిగేవారు.

గట్టు తగాదాల్లో పెరిగినవాణ్ణి కదా, నన్ను ఆశ్చర్యపరిచింది ఒకటే: నీళ్ళకి గట్టు లేదు. ఇది ఎవరి నీళ్ళు అని అడిగితే వాళ్ళకి ప్రశ్నే అర్థమయ్యేది కాదు. గాలి ఎటు, నీటి లాగుడు ఎటు అన్నదే వాళ్ళ లెక్క. ఆషాఢ శ్రావణాల్లో నైరుతి గాలికి తెరచాప కొయ్య విరిగితే పడవ ఈశాన్యానికి కొట్టుకుపోతుంది. ఎక్కడిదాకా అంటే, మునగకపోతే, బర్మా దాకా. మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. కూలికి రంగం వెళ్ళినవాళ్ళు లేని ఊరు మా జిల్లాలో అరుదు కాబట్టి, రంగం అంటే బర్మా మొత్తానికి పేరైపోయింది. ఆ దేశం కాగితం మీద మాకు విదేశం. భావనపాడు వాళ్ళకి మాత్రం గాలి చివరన ఉన్న ఒడ్డు.

కార్డుముక్క

ఉత్తరాన ఒరిస్సా తీరంలో నాలాంటి ఉద్యోగే ఒకాయన ఉండేవాడు, మహాపాత్రో బాబు. ఇచ్ఛాపురం సంతలో పరిచయమయ్యాడు. తెలుగు మాట్లాడితే నాకు నవ్వొచ్చేది, నా ఒడియాకి ఆయన పగలబడి నవ్వేవాడు. మా ఇద్దరికీ ఒక ఒప్పందం. మా పడవ అటు కొట్టుకుపోయినా, వాళ్ళది ఇటొచ్చినా, పైవాళ్ళకి రాసే ఉత్తరం ఎలాగూ రాస్తాం, దానికి ముందు ఒక పోస్టు కార్డు నేరుగా రాసుకోవాలి. రూలు ప్రకారం అది తప్పు. ఒక రాష్ట్రపు ఇన్‌స్పెక్టరు ఇంకో రాష్ట్రపు ఇన్‌స్పెక్టరుకి సొంతంగా రాయకూడదు. కాని ఆ కార్డులతో మూడేళ్ళలో ఐదు పడవల జాడ తీశాం. సర్కారు ఉత్తరాల జవాబులు మనుషులు ఇంటికొచ్చి, భోజనం చేసి, మళ్ళీ వేటకి వెళ్ళాక వచ్చేవి.

సహకారం గురించి నాకు తెలిసిన మంచి ఇంతే. అవతలి ఒడ్డున పేరు తెలిసిన మనిషి ఒకడుండాలి. బర్మా ఒడ్డున నాకెవరూ లేరు. మా పైవాళ్ళకీ, వాళ్ళ పైవాళ్ళకీ లేరు. ఇంత పెద్ద మ్యాపు వేసినవాళ్ళు ఆ పిల్లలకి అవతలి తీరంలో ఒక్క మనిషి చిరునామా ఇచ్చి ఉంటే ఆ మ్యాపు కంటే ఎక్కువ పనికొచ్చేది.

కొర్లయ్య పడవ

నేను వెళ్ళిన రెండో ఏడు ఆషాఢంలో కొర్లయ్య, అతనితో పాటు గున్నయ్య అనే ముసలాయన వేటకి వెళ్ళారు. కొర్లయ్యకి ముప్పై ఏళ్ళుంటాయేమో. నన్ను తెరచాప కొయ్యకి కట్టిన తువ్వాలు అతనిదే. గున్నయ్యకి వెనకా ముందూ ఎవరూ లేరు, కొర్లయ్య ఇంట్లోనే తినేవాడు. మధ్యాహ్నానికి గాలి లేచింది. మిగిలిన పడవలన్నీ పడుతూ లేస్తూ ఒడ్డుకొచ్చాయి. కొర్లయ్య పడవ కొయ్య విరగడం రెండు పడవల వాళ్ళు చూశారు. దగ్గరికి పోలేకపోయారు.

నేను చేయవలసినవి చేశాను. మహాపాత్రో బాబుకి కార్డు రాశాను. విశాఖపట్నానికి, ఒరిస్సా రేవులకి, కలకత్తాకి తంతి ఇచ్చాను. పది రోజుల్లో అన్ని చోట్లనుంచీ లేదని జవాబులొచ్చాయి. అప్పుడు శ్రీకాకుళం వెళ్ళి మా పై అధికారి అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) గారితో, "బర్మాకి కూడా రాద్దాం సార్" అన్నాను.

ఏడీ గారు చెడ్డవాడు కాదు. ఆయన ఇంట్లో నేను ఎన్నోసార్లు భోంచేశాను. కాకపోతే కాగితమంటే ఆయనకి పామంత భయం. "బర్మాకా?" అని కళ్ళజోడు తీసి, వేళ్ళు మడిచారు. "మననుంచి హైదరాబాదు. హైదరాబాదునుంచి ఢిల్లీ. ఢిల్లీనుంచి రంగూన్‌లో మనవాళ్ళు. వాళ్ళనుంచి ఆ దేశం పెద్దలు. వాళ్ళనుంచి ఆ ఒడ్డున ఎవడో నీలాంటివాడు. మళ్ళీ అదే దారిన వెనక్కి. ఈలోగా నీ మనిషి ఈదుకుంటూ వచ్చేస్తాడయ్యా. వదిలెయ్."

వదిలేశాను. ఆయన ఆర్డరు కాదది, సలహా. నేను పట్టుబడితే సంతకం పెట్టేవారే. పట్టుబట్టలేదు.

మూడు అమావాస్యలు

సముద్రంలో పోయిన మనిషి శవం దొరక్కపోతే ఆ పల్లెలో మూడు అమావాస్యలు చూస్తారు. అన్నాళ్ళూ అతను బతికున్నట్టే. పడవలొచ్చి ఒడ్డున చేపలు వాటాలు వేసినప్పుడు అతని పేరున కూడా ఒక కుప్ప పెడతారు. భార్య గాజులు తీయదు. కాని అతని అన్నదమ్ములెవరూ నీళ్ళలోకి దిగకూడదు. పోయినవాడి సంగతి తేలకుండా దిగితే గంగమ్మ ఇంకొకణ్ణి పిలుస్తుందని వాళ్ళ భయం. మూడో అమావాస్య దాటాక ఒడ్డున దినం చేసి, సముద్రంలో అన్నం వదులుతారు. ఆ రోజునుంచి కుప్ప ఆగిపోతుంది, అన్నదమ్ములకి వేట మొదలవుతుంది.

కొర్లయ్య అన్న దానయ్య. అతనికి ఐదుగురు పిల్లలు. మంచి వేట రోజుల్లో మూడు నెలలు ఒడ్డున కూర్చుని అందరి వలలూ బాగుచేసి పెట్టాడు. మనిషి సగమైపోయాడు. భాద్రపద అమావాస్య వెళ్ళిన మర్నాడు పొద్దున్నే పెద్దలు ఇసకలో కూర్చుని నన్ను పిలిపించారు.

దినం చేయడానికి ఊరంతా సిద్ధంగా ఉంది, కొర్లయ్య భార్య నూకాలమ్మ తప్ప. ఆమె కాస్త దూరంలో ఎండుచేపలు తిరగేస్తూ, మా వైపు చూడకుండానే మాట్లాడుతోంది.

"ఆ రోజు మావ పెద్ద కుండ ఏసుకెల్లినాడు. సిన్న కుండ సిల్లు పడిపోనాదని పెద్దది నానే ఎత్తినాను. ఆరు దినాలకి సరిపడా నీల్లున్నాయి. పైన వాన. దాహంతో సావడు. మా మాంగారి కాలంలో ఒక పడవ రంగం దాకా ఎల్పోయి, మనుసులు తిరిగొచ్చినారు. అది అందరికీ తెల్సు. ఇప్పుడు తెల్దన్నట్టు కూకున్నారు."

దానయ్య తల ఎత్తలేదు. "మూడు నెల్లు సూసినాం గదే. ఇంకెన్నాల్లు సూడమంటావు? నా పిల్లలు గంజి తాగుతన్నారు," అని నాకేసి తిరిగాడు. "బాబూ, సర్కారోల్లు అన్ని దేశాలూ అడుగుతారంట గదా. ఆడు ఎక్కడా నేడని మీరొక్క మాట సెప్పండి. మీ మాట మీద సేసేత్తాం."

వాళ్ళు నన్నెప్పుడూ అంత పెద్దవాణ్ణి చేయలేదు. ఆ పల్లెలో మూడు నెలలుగా ఆగిన పని నా నోటి మీద ఆగి ఉంది.

"అన్ని చోట్లా అడిగాం. ఎక్కడా లేడు," అన్నాను.

నూకాలమ్మ అప్పుడు చేతిలో చేప పట్టుకుని లేచి నిలబడింది. "రంగం అడిగారా బాబూ?"

అడగలేదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట చెబితే, మరి మూడు నెలలు ఏం చేశావని దానయ్య అడుగుతాడు. ఇప్పుడు అడుగుతానంటే ఇంకో మూడు నెలలో ఆరు నెలలో అతను ఒడ్డున కూర్చోవాలి. అతని పిల్లల మొహాలు నాకు తెలుసు. ఆ జాలి అబద్ధం కాదు. కాని జాలి ఒక్కటే అయితే నేను అలా చెప్పి ఉండను. అందరి ముందూ చిన్నబోవడం ఇష్టం లేకపోయింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

"అడిగామమ్మా," అన్నాను.

"ఏటన్నారు?"

"లేడన్నారు."

ఆమె చేప కింద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు దినం చేశారు. ఆమె గాజులు తీయించేటప్పుడు నేను అక్కడ లేను, పని కల్పించుకుని టెక్కలి వెళ్ళాను. తిరిగొచ్చాక రిపోర్టు రాశాను. జాడ తెలియనివాళ్ళకి ఒక గడి, మరణించినవాళ్ళకి ఒక గడి ఉంటాయి. కొర్లయ్యని రెండో గడిలో రాశాను. ఊళ్ళో దినమే అయిపోయాక మొదటి గడిలో ఎందుకు రాయాలనిపించింది. ఆ వారంలోనే దానయ్య వేటకి వెళ్ళి, మొదటి వేటలో పడ్డ వంజరం నా గదికి పంపాడు. వండించుకుని తిన్నాను.

రంగం నుంచి వచ్చినాయన

ఆ ఏళ్ళలో బర్మాలో పనులు పోయి మనవాళ్ళు ఓడల మీద విశాఖపట్నం వచ్చి దిగుతుండేవారు. మరుసటి ఏడు ఎండాకాలంలో అలా దిగినవాళ్ళలో అప్పలస్వామి అనే ఆయన భావనపాడు వచ్చాడు. ఆయనది రాజాం దగ్గర ఊరు. ఇరవై ఏళ్ళకి పైగా అక్కడ ఉన్నాడట. ఇంటికి వెళ్ళి ఒక్కరోజు ఉండి, తెలియని ఊరు వెతుక్కుంటూ నౌపడా స్టేషనులో దిగి ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. నన్ను రమ్మని కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి ఆయన తెచ్చిచ్చిన జానెడు నూలు తాడు దానయ్య చేతిలో ఉంది. దాని చివర ఒక ముడి వేసి ఉంది.

ఆ పల్లెలో వల అల్లడం అందరిదీ ఒకటే, కాని అంచు తాడు ముగించే ముడి ఏ ఇంటిది ఆ ఇంటిదే. కలిసిపోయిన వలల్ని ఆ ముడి చూసి విడదీసుకుంటారు. దానయ్య ఆ తాడుని రెండు చేతులతో పట్టుకుని, "మా నాన్న ముడి ఇది," అంటున్నాడు. పదిసార్లు అన్నాడేమో.

అప్పలస్వామి నాకు మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. అరకాన్ తీరంలో ఒక ఊరి జైలు ఆస్పత్రిలో ఆయనకి ఊడ్చే పని. మాట తెలియని ఖైదీ ఒకడున్నాడు, నువ్వొచ్చి మాట్లాడమని ఒకరోజు పిలిచారట.

"తెలుగు మాటినపడగానే ‘బావా’ అని నా సెయ్యట్టుకున్నాడు బాబూ. ఆడికీ నాకూ ఏ వరసా నేదు. ముసిలాయన నీల్ల మీదే పోనాడంట. ఈడు ఒక్కడూ ఒడ్డుకి తగిల్నాడు. కాయితాల్లేవని లోపలేసినారు. అయితే ఆల్లు కొట్టనేదు, తిట్టనేదు. ఉన్నమాట సెప్పాల. ‘ఈడు మావోడే అని మీ దేశం కాయితమిత్తే ఓడెక్కించేత్తాం’ అన్నారంట. ఈడి పేరూ ఊరూ అన్నీ రాసి అడిగినారు కూడాను."

"అడిగారా?" అన్నాను.

"అడిగినారు. జవాబొచ్చింది. ‘ఆ మనిసి సచ్చిపోనాడు’ అని మనోల్లు రాసినారంట. జైలు దొర ఆ కాయితం సదివి ఈడికేసి సూసి, ‘అయితే నువ్వెవులివి?’ అన్నాడంట. అక్కణ్ణించి ఈడు ఏ దేశమోడూ కాకుండా పోనాడు బాబూ. నానొచ్చేసేటప్పటికి కాల్లు పొంగిపోయి ఉన్నాడు. మాటాడతన్నాడు గానీ లెగనేడు."

నూకాలమ్మ గుమ్మంలో నిలబడి వింది. ఆమె నావైపు చూడలేదు. అప్పలస్వామిని ఒక్కటే అడిగింది. "తిండెట్టుతన్నారేటి బావా?"

"పెట్టుతన్నారమ్మా. అన్నమే."

ఆఫీసులో దొరికింది

ఆ సాయంత్రమే శ్రీకాకుళం వెళ్ళాను. మా గుమాస్తాతో పాత కట్టలు విప్పించాను. మాఘమాసంలో వచ్చిన ఉత్తరం దొరికింది. ఆ దేశం అడిగింది. రంగూన్‌లో మనవాళ్ళు అందుకున్నారు. ఢిల్లీకి పంపారు. ఢిల్లీ హైదరాబాదుకి, హైదరాబాదు మాకు. ఏడీ గారు వేళ్ళు మడిచి చూపించిన దారి అంతా ఆ ఉత్తరం నడిచొచ్చింది. ఎక్కడా పోలేదు, ఎవరూ బల్ల కింద పడేయలేదు. జవాబు కూడా అదే దారిన సక్రమంగా వెళ్ళింది. దాని నకలు మీద ఇలా ఉంది: ‘పై ఉత్తరంలో ఉదహరించిన వ్యక్తి ఈ కార్యాలయపు రికార్డు ప్రకారం మరణించినట్లు ధ్రువపడినది. ఇన్‌స్పెక్టరు రిపోర్టు జతపరచడమైనది.’ కింద సరిచూసినట్టు నా సంతకం, దాని కింద ఏడీ గారిది. టూరునుంచి వచ్చిన రోజు గుమాస్తా కట్టగా పెట్టిన వాటిలో ఒకటి. అందులో పేరు లేదు, నంబరే ఉంది. పై ఉత్తరం తిరగేసి చూడకుండా సంతకం పెట్టాను.

దేశాల మధ్య సహకారం పనిచేయదని వెక్కిరించేవాళ్ళని నా తరవాత చాలామందిని చూశాను. నాకు ఆ సుఖం లేదు. నా విషయంలో అది పనిచేసింది. రెండు ప్రభుత్వాలు, అంత దూరం, అంతంతమాత్రం స్నేహం, అయినా ఒక జాలరి కోసం మర్యాదగా ఉత్తరాలు రాసుకున్నాయి. ఆ ఉత్తరాలు మోసుకెళ్ళింది మాత్రం నేను ఇసకలో నిలబడి చెప్పిన అబద్ధాన్ని. పైన ఎన్ని ఒప్పందాలు కుదిరినా కింద ఒక గడి నింపేవాడు ఉంటాడు. పిల్లలూ, అది మీరే.

ఏడీ గారికి నకలు చూపించాను. ఆయన తలుపు వేసి వచ్చి, "చచ్చాడని రాసినవాణ్ణి బతికాడని రాయాలంటే ఏ ఫారంలో రాస్తావయ్యా?" అన్నారు. వెటకారం కాదు, ఆయనకి నిజంగా తెలియలేదు. "నువ్వు తప్పుడు రిపోర్టు ఇచ్చావని రాయాలి. నేను చూడకుండా పంపానని రాయాలి. నీ ఉద్యోగం పోతుంది. నీకింకా పెళ్ళి కాలేదు. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. పదకొండు రోజులు ఆలోచించుకున్నాను. ఉద్యోగం పోతే చోడి చేనులోకి వెళ్ళాలి. మా నాన్న మొహం చూడాలి. రోజూ పొద్దున్న కాగితం తీసేవాణ్ణి, మధ్యాహ్నానికి లోపల పెట్టేసేవాణ్ణి. ఆ పదకొండు రోజులూ ఒడ్డుకి వెళ్ళలేదు. పన్నెండో రోజు దానయ్య నా గదికి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పడవ ఒడ్డుకి లాగీసినాను బాబూ," అన్నాడు. "ఆడు బతికుండగా ఆడి దినం కూడు తిన్నోన్ని. నీల్లలోకి ఎలగ దిగుతాను? మీరు మల్లీ రాసినారేటి?"

"ఇవాళ రాస్తాను," అన్నాను.

అతను నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ‘మంచిది బాబూ’ అని వెళ్ళిపోయాడు.

ఆ రోజే రాశాను. అంతా రాశాను, రంగం అడగలేదనీ, అడిగానని చెప్పాననీ కూడా. ఏడీ గారు చదివి సంతకం పెట్టారు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఆ ఒక్కరోజే. ఇద్దరికీ మెమోలొచ్చాయి. ఉద్యోగాలు పోలేదు. అంత భయపడింది దీనికా అనిపించింది.

పోస్టులో వేశాక నూకాలమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"రంగం అడగనేదా?" అంది.

"అడగలేదమ్మా."

"మరి ఆ రోజు ఎందుకలగ సెప్పినారు?"

ఆమె కాసేపు చూసి, తన పని తను చేసుకుంది.

జవాబు

వానలు పడ్డాక జవాబొచ్చింది. అదే దారిన, ఈసారి ఇంకా తొందరగా. ఆ దేశం వాళ్ళు మిక్కిలి విచారంతో తెలియజేశారు. కొర్లయ్య జైలు ఆస్పత్రిలో జబ్బుతో చనిపోయాడు. తేదీ ఉంది, ఆస్పత్రి చీటీ నకలు ఉంది, ఏ చోట పూడ్చారో కూడా ఉంది. విడుదల చేయడానికి తమకి ఏ అభ్యంతరమూ లేదనీ, కాగితం కోసమే ఆగామనీ రాశారు. మన కాగితం అక్కడికి చేరడానికి సరిగ్గా వారం ముందు అతను పోయాడు. వారం అంటే ఏడు రోజులు. నేను ఆగింది పదకొండు. కాళ్ళు పొంగిన మనిషి ఓడెక్కేవాడా, ఎక్కినా బతికేవాడా అని మా ఏడీ గారు నన్ను ఓదార్చడానికి చూశారు. నేనా లెక్క ఇప్పటికీ వేస్తూనే ఉన్నాను.

ఆ ఉత్తరం పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను. దానయ్య, పెద్దలు, నూకాలమ్మ అందరూ ఉన్నారు. తెలుగులో చెప్పుకుంటూ మొత్తం చదివాను. దానయ్య ఇసకలో కూలబడి ఏడ్చాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "అయితే ఈ పాలి సరిగ్గా సెయ్యాల, మల్లీ దినం ఎట్టుకుందాం," అన్నాడు. పెద్దలు తలూపారు.

నూకాలమ్మ ఏడవలేదు. ఆమె చేతులకి కొత్త గాజులుండడం అప్పుడే గమనించాను. అప్పలస్వామి వచ్చి వెళ్ళిన వారంలోనే సంతకి వెళ్ళి వేయించుకుందట. మొగుడు బతికుంటే గాజులేసుకోడానికి ఎవరినడగాలి అందట.

"నాను సెయ్యను," అంది.

"అమ్మా, ఇది నిజం. ఆస్పత్రి కాగితం కూడా ఉంది. ఇదిగో, తేదీ వేసి రాశారు," అన్నాను.

ఆమె ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. చదువు రాదు. ఊరికే అటూ ఇటూ తిప్పి, మడతలు పోకుండా నాకే ఇచ్చేసింది. అంతవరకూ నన్ను మీరు అనేది. ఆ రోజు అనలేదు.

"కిందటి పాలి నువ్వు సచ్చిపోనాడన్నప్పుడు ఆడు బతికే ఉన్నాడు," అంది. "ఇప్పుడూ బతికే ఉంటాడు. ఎల్లు బాబూ."

ఊరివాళ్ళు ఆమెకి నచ్చజెప్పబోయారు. వినలేదు. ఆమె ఒప్పుకోనిదే దినం లేదు, దినం లేనిదే దానయ్యకి వేట లేదు. అతను ఆ ఏడాదే పిల్లల్ని తీసుకుని కూలికి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. నాకు బదిలీ వచ్చేదాకా నూకాలమ్మ ఆ గాజులతోనే ఎండుచేపలు తిరగేస్తూ కనిపించేది. ఆ ఉత్తరంలో ప్రతి అక్షరమూ నిజం. అది నిజమని ఆమెకి చెప్పగలిగిన మనిషిని నేనొక్కణ్ణే, నా మాట ఆమె నమ్మదు.